పెన్‌డ్రైవే ప్రధాన డిస్కుగా: కుట్టు దుకాణం ల్యాప్‌టాప్ 118 రోజుల డైరీ

హార్డ్ డిస్కును గుర్తించని పాత ల్యాప్‌టాప్‌ను పారేయడానికి మనసొప్పక, దాన్ని పెన్‌డ్రైవ్ మీద నడపాలనుకునేవారి కోసం ఈ డైరీ. ఇందులో నాలుగు డ్రైవ్‌ల కథ ఉంది. ఒకటి నకిలీది, ఒకటి పాడైపోయింది, ఒకటి వేడెక్కి మొరాయించింది, ఒకటి ఇప్పటికీ పనిచేస్తోంది. మధ్యలో ఒకసారి మా అక్క రాసుకున్న కొలతలు నా వల్ల పోయాయి. ఆ తప్పు ఇంకెవరూ చేయకూడదనే దాని గురించి వివరంగా రాశాను.

దశ 0: ఉన్న పరిస్థితి

అక్కకు తెనాలిలో జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. ల్యాప్‌టాప్ 2013లో కొన్నది: మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ మెమరీ, ఎడమ పక్క రెండు యూఎస్‌బీ 3.0 పోర్టులు, కుడి పక్క ఒక 2.0 పోర్టు. బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి కరెంటు పోతే ఆ క్షణమే ఆగిపోతుంది. పదకొండు వందల మందికి పైగా ఖాతాదారుల కొలతలు ఒకే స్ప్రెడ్‌షీటులో ఉన్నాయి. ఛాతీ, నడుము, భుజం, చంక, చేతి పొడవు, మెడ లోతు అన్నీ అందులోనే. ప్రతిసారీ ఆది జాకెట్టు తెచ్చే పని లేకుండా ఆమె ఆరేళ్లుగా పెంచుకొచ్చిన పట్టిక అది.

పోయింది డిస్కు కాదు, మదర్‌బోర్డు మీద డిస్కును కలిపే సాటా కనెక్షన్. వేరే డిస్కు, వేరే పట్టీ పెట్టి చూశాను, కనిపించలేదు. డీవీడీ డ్రైవ్ కూడా కనిపించడం లేదు కాబట్టి దాని స్థానంలో డిస్కు అమర్చే దారీ మూసుకుపోయింది. బోర్డు బాగుచేయడానికి 4,500 రూపాయలు అడిగారు, అదీ హామీ లేకుండా.

పాత హార్డ్ డిస్కును యూఎస్‌బీ పెట్టెలో పెట్టి తీగతో కలిపి రెండు రోజులు నడిపాం. కత్తిరింపు బల్ల మీద బట్ట లాగినప్పుడల్లా తీగ కూడా కదిలేది. రెండో రోజు పెట్టె కింద పడింది. అప్పటినుంచి డిస్కు టిక్కుటిక్కుమంటోంది. కొలతల ఫైలు అంతకుముందే నా కంప్యూటర్‌లోకి తీసుకున్నాను కాబట్టి సరిపోయింది. తీగ వేలాడకూడదని ఆ రోజే తేలింది.

విండోస్ ఎందుకు కాదంటే, దాని మామూలు ఇన్‌స్టాలర్ యూఎస్‌బీ డిస్కు మీదకు ఎక్కడానికి ఒప్పుకోదు. అందుకోసమే 2012లో విండోస్ 8తో వచ్చిన విండోస్ టు గో సదుపాయాన్ని 2020లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి తీసేశారు. అక్కకు కావలసింది స్ప్రెడ్‌షీటు, బ్రౌజర్, తెలుగు టైపింగు. అందుకే లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఎంచుకున్నాను.

దశ 1: నకిలీ డ్రైవ్ (1–2 రోజులు)

బజారులో 400 రూపాయలకు 128 జీబీ అని రాసి ఉన్న డ్రైవ్ కొన్నాను. కంప్యూటర్ కూడా 128 అనే చూపించింది. అయినా ఎఫ్3 అనే పరికరంతో పరీక్షించాను. అది డ్రైవ్ నిండా ఫైళ్లు రాసి, తిరిగి చదివి, రాసింది రాసినట్టే ఉందో లేదో సరిచూస్తుంది. 7.3 జీబీ వరకే సరిగ్గా ఉంది. ఆపైన రాసిందంతా చెత్త. లోపలున్నది 8 జీబీ చిప్పు, దాన్ని నడిపే కంట్రోలరు చేత అబద్ధం చెప్పిస్తున్నారు.

ఇలాంటి డ్రైవ్ మీద కూడా ఇన్‌స్టలేషన్ చక్కగా పూర్తవుతుంది. వ్యవస్థకు పట్టేది 5 జీబీయే కదా. రెండు మూడు వారాల తర్వాత, 7 జీబీ దాటిన రోజున కొత్త ఫైళ్లు పాడవడం మొదలవుతుంది. అప్పుడు కారణం వెతుక్కోవడం చాలా కష్టం. ఏ డ్రైవ్ కొన్నా ముందు ఎఫ్3 పరీక్ష చేయండి. 32 జీబీ యూఎస్‌బీ 2.0 డ్రైవ్‌కు గంటన్నర పైగా పడుతుంది, పట్టనివ్వండి.

ఇప్పటివరకు ఖర్చు: 400 రూపాయలు. పని జరిగింది: సున్నా.

దశ 2: 32 జీబీ, యూఎస్‌బీ 2.0 (3వ రోజు నుంచి)

బిల్లుతో 380 రూపాయలకు కొన్నాను. ఎఫ్3 పరీక్షలో నెగ్గింది. ఇన్‌స్టాల్ చేసిన తీరు:

1. వేరొక పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్ పెట్టి, దాంతో ల్యాప్‌టాప్‌ను లేపాను.
2. నిపుణుల పద్ధతి ఎంచుకున్నాను. చివర్లో, వ్యవస్థను లేపే గ్రబ్ అనే ప్రోగ్రామును తీసివేయగల పరికరాల మార్గంలో కూడా పెట్టాలా అని అడుగుతుంది. అవును అన్నాను. ఇది మర్చిపోతే, డ్రైవ్‌ను ఒకసారి తీసి మళ్ళీ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు.
3. మొత్తం ఒకే విభాగం, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌తో (ఫైళ్లను డిస్కు మీద సర్దే పద్ధతి). మెమరీ చాలనప్పుడు వాడుకునే స్వాప్ 2 జీబీ.
4. లేచేటప్పుడు ముందుగా మెమరీలోకి వచ్చే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో ఈ యంత్రానికి కావలసిన మాడ్యూళ్లే (పరికరాలను నడిపే ముక్కలు) కాక దాదాపు అన్నీ ఉంచాను. అవసరమైతే అదే డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి లేపవచ్చు.

ఇన్‌స్టాల్ కావడానికి 1 గంట 50 నిమిషాలు పట్టింది. తర్వాత డిస్కు వేగం చూసే ఎఫ్ఐఓతో కొలిచాను:

వరుసగా చదవడం: సెకనుకు 27 ఎంబీ
వరుసగా రాయడం: సెకనుకు 8 ఎంబీ
4 కేబీ ముక్కలు చెదురుగా చదవడం: సెకనుకు 900
4 కేబీ ముక్కలు చెదురుగా రాయడం: సెకనుకు 5

ఈ నాలుగో అంకె అచ్చు తప్పు కాదు, నిజంగానే సెకనుకు అయిదు రాతలు. మామూలు ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు కూడా 60 నుంచి 100 దాకా చేస్తుంది. డబ్బా మీద రాసే వేగం పెద్ద ఫైలు వరుసగా చదివినప్పటిది. కంప్యూటర్ రోజంతా చేసే పని దాదాపుగా ఈ చిన్న రాతలే.

ఎందుకంటే ఫ్లాష్ మెమరీలో రాయడం పేజీల లెక్కన, చెరపడం బ్లాకుల లెక్కన జరుగుతుంది. పేజీ కొన్ని కేబీలు ఉంటే, బ్లాకు కొన్ని ఎంబీలు ఉండవచ్చు. రాసిన పేజీ మీద నేరుగా మళ్ళీ రాయలేం. చవక కంట్రోలరు 4 కేబీ మార్చడానికి బ్లాకు మొత్తాన్ని కొత్త చోటికి ఎత్తి రాసి, పాతదాన్ని చెరుపుతుంది. రిజిస్టరులో ఒక గడి దిద్దడానికి పుస్తకం మొత్తం తిరగరాసినట్టు. మంచి ఎస్ఎస్‌డీలో ఈ పనిని తెలివిగా సర్దే కంట్రోలరు ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లో సాధారణంగా ఉండదు.

లేవడానికి 2 నిమిషాల 52 సెకన్లు, కొలతల ఫైలు తెరవడానికి 48 సెకన్లు పట్టింది. అక్క ఒక పేరు టైపు చేసి ఎంటర్ నొక్కితే ఒక్కోసారి అర నిమిషం తెర బిగుసుకుపోయేది. ఎదురుగా ఖాతాదారు నిలబడి ఉండగా ఆమె ఆ తెర వైపు చూస్తూ ఉండటం నేను చూడలేకపోయాను.

ఇప్పటివరకు ఖర్చు: 780 రూపాయలు. ఈ డ్రైవ్ మీద రాసింది: 5.2 జీబీ, ఎఫ్3 పరీక్ష కాక, ఇన్‌స్టలేషన్‌తో కలిపి.

దశ 3: రాస్తున్నది ఎవరు? (9–16 రోజులు)

ఈఎక్స్‌టీ4 తన జీవితకాలంలో ఎన్ని కిలోబైట్లు రాసిందో లెక్క ఉంచుకుంటుంది. సిస్ డైరెక్టరీలో ఆ విభాగం పేరు కింద లైఫ్‌టైమ్ రైట్ కేబైట్స్ అనే ఫైలులో ఉంటుంది. స్వాప్‌కు విడి విభాగం ఉంది కాబట్టి దాని లెక్క పరికరం మొత్తం గణాంకాల నుంచి తీసి కలిపితే తొమ్మిదో రోజుకు 28 జీబీ. తొలి 5.2 పోను రోజుకు సుమారు 3.8 జీబీ. కొలతల ఫైలు చూస్తే ఒక ఎంబీ కూడా లేదు. మరి ఇదంతా ఎవరిది?

దుకాణం రద్దీగా ఉన్న ఒక గంటసేపు ఏ ప్రోగ్రాము ఎంత రాస్తోందో చూపే ఐఓటాప్‌ను మొత్తాలు కూడే పద్ధతిలో నడిపి, లెక్క రాసుకున్నాను:

బ్రౌజర్: 210 ఎంబీ
స్వాప్: 95 ఎంబీ
ప్యాకేజీల జాబితా తాజా చేయడం: 40 ఎంబీ
వ్యవస్థ చిట్టా (లాగ్): 22 ఎంబీ
ఫైల్‌సిస్టమ్ జర్నల్ (మార్పులను ముందుగా నమోదు చేసుకునే చోటు): 15 ఎంబీ
అక్క స్ప్రెడ్‌షీటు: 0.6 ఎంబీ

మొత్తం 383 ఎంబీలో ఆమె పని 0.6. ఈ జాబితా చూశాక డ్రైవ్ మార్చే ఆలోచన వాయిదా వేసి, ముందు రాతలు తగ్గించడానికి కూర్చున్నాను.

1. ఏ విభాగాన్ని ఎలా వాడాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో నోఎటైమ్ పెట్టాను. ఫైలు చదివిన సమయం నమోదు చేయడం ఆగింది.
2. స్వాప్ విభాగం తీసేసి జెడ్‌ర్యామ్ పెట్టాను. మెమరీలోనే 2 జీబీ మేర కుదించి దాచుకుంటుంది.
3. బ్రౌజర్ డిస్కు కాష్ ఆపాను. ఫైర్‌ఫాక్స్ తెరిచి ఉన్న ట్యాబుల స్థితిని 15 సెకన్లకొకసారి రాస్తుంది, దాన్ని 5 నిమిషాలు చేశాను.
4. తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీని మెమరీలోకి మార్చాను.
5. వ్యవస్థ చిట్టాను కూడా మెమరీలోకి మార్చాను. ఇది తప్పు, ఎందుకో 41వ రోజున తెలిసింది.
6. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపి, ఆదివారం సాయంత్రం నేనే చేస్తున్నాను.
7. డిస్కుకు చేరకుండా మెమరీలో ఎంత రాత పేరుకోవచ్చో, ఆ పరిమితిని 48 ఎంబీకి తగ్గించాను.

ఏడోది చిన్నదిగా కనిపిస్తుంది కానీ తెర బిగుసుకుపోవడాన్ని తగ్గించింది అదే. లినక్స్ మామూలుగా అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం దాకా రాతను పోగుచేసుకుంటుంది. 3 జీబీలో 20 శాతం అంటే 600 ఎంబీ. సెకనుకు 8 ఎంబీ రాసే డ్రైవ్ మీద అది దిగడానికి 75 సెకన్లు. ఆ లోపు ఎవరు రాయబోయినా వరుసలో నిలబడాల్సిందే. 48 ఎంబీ అయితే ఆరు సెకన్లలో ఖాళీ అవుతుంది.

ఫలితం: గంటకు 383 ఎంబీ నుంచి సుమారు 70కి దిగింది. లేవడానికి 1 నిమిషం 48 సెకన్లు, ఫైలు తెరవడానికి 19 సెకన్లు. ఈ ఏడింటికీ ఖర్చు లేదు.

17వ రోజు: నా వల్ల పోయిన కొలతలు

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. పదహారో రోజు రాత్రి, అక్క పత్రాల ఫోల్డరును కూడా మెమరీలోకి మార్చి, అరగంటకొకసారి డ్రైవ్ మీదకు కాపీ అయ్యేలా పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ లేని యంత్రమని నాకు తెలుసు, అయినా ఈ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

తిరిగి లేచాక ముగ్గురి కొలతలు లేవు. పెళ్లి జాకెట్ల కోసం పొన్నూరు నుంచి వచ్చిన తల్లీ ఇద్దరు కూతుళ్లవి. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఫోను తీసి, "అమ్మా, ఇంకా బస్టాండులోనే ఉన్నారా? ఒక్కసారి వెనక్కి రాగలరా?" అని అడిగింది. వాళ్లు బస్సు ఎక్కేశారు. మూడు రోజుల తర్వాత అక్కే టేపు పట్టుకుని పొన్నూరు వెళ్లి వచ్చింది.

ఆ రాత్రే పత్రాల ఫోల్డరును డ్రైవ్ మీదకు తిరిగి తెచ్చాను. ఇంకో మెట్టు పైకి వెళ్లి, పత్రాలకు విడిగా చిన్న విభాగం చేసి, దాన్ని సింక్ పద్ధతిలో మౌంట్ చేశాను. ఇప్పుడు ఆమె సేవ్ నొక్కగానే అది డ్రైవ్ మీదకు దిగాకే పని ముందుకు సాగుతుంది. సేవ్ కావడానికి ఒక సెకను బదులు మూడు సెకన్లు పడుతోంది. "ఈ మూడు సెకన్లూ ఎందుకో చెప్పావు కదా తమ్ముడూ, ఉండనీ" అంది.

మెమరీలో ఉంచదగినవి మళ్ళీ పుట్టించుకోగలిగినవే: కాష్, తాత్కాలిక ఫైళ్లు, ప్యాకేజీల జాబితా. మనిషి చేత్తో టైపు చేసినది ఒక్క అక్షరమైనా అక్కడ ఉంచకండి.

41వ రోజు: డ్రైవ్ పోయింది

ఉదయం లేచింది, పది నిమిషాలకు ఫైల్‌సిస్టమ్ చదవడానికి మాత్రమే అనే స్థితికి మారింది. లినక్స్ మూలభాగమైన కెర్నల్ సందేశాల్లో వరుసగా ఇన్‌పుట్ అవుట్‌పుట్ లోపాలు. మరోసారి లేపితే పూర్తిగా లేవలేదు. నా కంప్యూటర్‌కు పెట్టి చూస్తే చదవడానికి వీలైంది, ఒక్క బైటు కూడా రాయనివ్వలేదు. కొలతల ఫైలు భద్రంగా బయటికి వచ్చింది.

ముందు రోజుల్లో లోపాలేమైనా కనిపించాయా అని చూడబోతే చిట్టా లేదు. దాన్ని మెమరీలో పెట్టింది నేనే కదా, ప్రతి సాయంత్రం యంత్రం ఆపగానే చెరిగిపోయింది. గంటకు 22 ఎంబీ ఆదా చేయబోయి, రావలసిన హెచ్చరికను పోగొట్టుకున్నాను. ఇప్పుడు చిట్టా డిస్కు మీదే ఉంది, 50 ఎంబీ దాటకుండా.

ఎందుకు పోయిందో నా లెక్క ఇది. చనిపోయేనాటికి, ఎఫ్3 పరీక్ష కాక, రాసింది సుమారు 50 జీబీ, అంటే దాంతో డ్రైవ్ రెండుసార్లు కూడా నిండదు. టీఎల్‌సీ రకం ఫ్లాష్ ఒక్కో బ్లాకు వెయ్యిసార్ల వరకు చెరపడాన్ని తట్టుకుంటుందని సాధారణంగా లెక్కవేస్తారు. 32 జీబీని వెయ్యితో హెచ్చిస్తే 32 టీబీ. ఆ లెక్కన ఇంకా దశాబ్దాలు రావాలి. కానీ బ్లాకు 4 ఎంబీ అనుకుని, ప్రతి 4 కేబీ రాతకూ బ్లాకు మొత్తం తిరగరాశారనుకుంటే, అరుగుదల 1,024 రెట్లు. 32 టీబీని 1,024తో భాగిస్తే వచ్చేది 31 జీబీ. నిజం ఈ రెండు అంచుల మధ్య ఎక్కడో ఉంటుంది. నా డ్రైవ్ మాత్రం రెండో అంచు దగ్గరే ఉందని నా అంచనా. సరుకు లోపం కూడా కావచ్చు. పెన్‌డ్రైవ్‌లు తమ ఆరోగ్యం గురించి ఏమీ చెప్పవు కాబట్టి తేల్చే మార్గం లేదు.

32 జీబీ డ్రైవ్ ఆయుష్షు: 38 రోజులు. రాసింది: సుమారు 50 జీబీ.

దశ 4: 64 జీబీ, యూఎస్‌బీ 3.0 (42–65 రోజులు)

వేలి గోరంత లోహపు డ్రైవ్, 650 రూపాయలు. చదవడం సెకనుకు 118 ఎంబీ, రాయడం 31, చెదురు చదువులు 1,700, చెదురు రాతలు 14. లేవడానికి 58 సెకన్లు. మొదటి నాలుగు రోజులు అక్కకు హాయిగా గడిచాయి.

వేడి. 46వ రోజు అప్‌డేట్ చేస్తుండగా వేగం సెకనుకు 31 ఎంబీ నుంచి 6కు పడిపోయింది. డ్రైవ్ మీద వేలు పెట్టి వెంటనే తీసేశాను. మల్టీమీటరు థర్మోకపుల్ తీగను దాని లోహానికి ఆనించి, టేపు వేసి కొలిస్తే, ఇరవై నిమిషాల రాత తర్వాత 64 డిగ్రీలు. ల్యాప్‌టాప్ వేడిగాలి బయటికి వచ్చే రంధ్రం ఆ పోర్టుకు రెండు అంగుళాల దూరంలోనే ఉంది. 15 సెంటీమీటర్ల యూఎస్‌బీ 3.0 పొడిగింపు తీగ 120 రూపాయలకు తెచ్చి, డ్రైవ్‌ను మూత వెనకకు చేర్చి, అక్క పెట్టెలోని వెల్‌క్రో ముక్కతో అతికించాను. అదే పరీక్షలో 52 డిగ్రీలు. తీగ వేలాడటం లేదు, బట్టకు తగలడం లేదు.

మౌసు. అదే వారం వైర్‌లెస్ మౌసు గెంతడం మొదలుపెట్టింది. యూఎస్‌బీ 3.0 సంకేతాల రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది. వైర్‌లెస్ మౌసులు, పాత వైఫై పనిచేసేది అక్కడే. మౌసు రిసీవరు డ్రైవ్ పక్క పోర్టులో ఉంది. కుడి పక్కనున్న 2.0 పోర్టుకు మార్చగానే సర్దుకుంది. రెండు రోజులు మౌసునే అనుమానించాను.

ఎఫ్2ఎఫ్ఎస్. శాంసంగ్ ఇంజనీర్లు ఫ్లాష్ కోసమే రాసిన ఈ ఫైల్‌సిస్టమ్ 2013లో లినక్స్ 3.8తో కెర్నల్‌లోకి వచ్చింది. చెదురు రాతలన్నీ పోగుచేసి వరుసగా చివర రాసుకుంటూ పోతుంది. ఇలాంటి డ్రైవ్‌కు కావలసింది అదే. ఇన్‌స్టాలర్‌లో ఆ ఎంపిక కనిపించలేదు కాబట్టి విభాగాన్ని విడిగా చేసి, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌తో వ్యవస్థను దాని మీదకు కాపీ చేశాను. బూట్ విభాగం ఈఎక్స్‌టీ4గానే ఉంచాను.

తొలిసారి లేవలేదు. రూట్‌ను (వ్యవస్థ ఉన్న ప్రధాన విభాగాన్ని) మౌంట్ చేయలేకపోయానని చెప్పి ఆగింది. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోకి ఎఫ్2ఎఫ్ఎస్ మాడ్యూల్ వచ్చింది కానీ దానికి అవసరమైన సీఆర్‌సీ32 మాడ్యూల్ రాలేదు. రెండింటి పేర్లూ మాడ్యూళ్ల జాబితాలో చేర్చి మళ్ళీ తయారుచేస్తే లేచింది. ఈ ఒక్క పంక్తి కోసం మూడు గంటలు పోయాయి.

చెదురు రాతలు సెకనుకు 14 నుంచి 410కి పెరిగాయి. అయితే ప్రతి రాతనూ వెంటనే డ్రైవ్‌కు దించమని పట్టుబడితే 38 మాత్రమే. సేవ్ చేసేటప్పుడు జరిగేది ఆ రెండో పని కాబట్టి నేను 38నే నమ్మాను. అయినా 14తో పోలిస్తే నయమే.

57, 64 రోజుల్లో రెండుసార్లు తెర ఐదారు సెకన్లు ఆగింది. ఈసారి చిట్టా ఉంది. యూఎస్‌బీ పరికరాన్ని రీసెట్ చేసినట్టు రెండుచోట్లా నమోదైంది. 57న చూసి, పని లేనప్పుడు పరికరాన్ని నిద్రపుచ్చే ఆటోసస్పెండ్ ఆపాను. అయినా 64న మళ్ళీ వచ్చింది. శ్రావణ మాసం దగ్గరపడుతోంది. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం దుకాణంలో నిలబడే చోటుండదు. ఎప్పుడు పోతుందో చెప్పని డ్రైవ్ మీద ఆ వారం గడపకూడదని నిర్ణయించుకున్నాను.

ఇప్పటివరకు ఖర్చు: 1,550 రూపాయలు. ఈ డ్రైవ్ మీద రాసింది: సుమారు 40 జీబీ, పరీక్షలతో కలిపి.

దశ 5: పెన్‌డ్రైవ్ ఆకారంలో ఎస్ఎస్‌డీ (66వ రోజు నుంచి)

పెన్‌డ్రైవ్‌లా కనిపించినా లోపల ఎస్ఎస్‌డీ కంట్రోలరు ఉన్న డ్రైవ్‌లు దొరుకుతాయి. 128 జీబీది 1,900 రూపాయలకు కొన్నాను. డబ్బా చూసి తేల్చుకోవడం కష్టం కాబట్టి, కొన్నాక ఈ మూడూ పరీక్షించి, కాకపోతే అదే రోజు తిరిగి ఇచ్చేయండి:

1. యూఎస్‌బీ పరికరాల చెట్టు చూపించే ఆదేశంలో డ్రైవర్ స్థానంలో యూఏఎస్ అని ఉండాలి. పాత పద్ధతిలో ఒకసారికి ఒకే ఆదేశం వెళ్తుంది, యూఏఎస్‌లో వరుసగా చాలా ఆదేశాలు ఇవ్వవచ్చు. అదే చెట్టులో 5000 అని ఉందో 480 అని ఉందో కూడా చూడండి. 480 అంటే 2.0 వేగంలో నడుస్తోందన్నమాట.
2. బ్లాకు పరికరాల జాబితాలో డిస్కార్డ్ గడులు సున్నా కాకూడదు. అప్పుడే చెరిపిన చోటు ఇదీ అని డ్రైవ్‌కు చెప్పే ట్రిమ్ పనిచేస్తుంది.
3. స్మార్ట్ సమాచారం చదవగలగాలి. ఎంత అరిగిందో, ఎంత వేడిగా ఉందో అది చెబుతుంది.

కొలతలు: చదవడం 390, రాయడం 310, చెదురు చదువులు 7,500, చెదురు రాతలు 6,200. 32 జీబీ డ్రైవ్ 5 నుంచి ఇక్కడికి. లేవడానికి 31 సెకన్లు, ఫైలు తెరవడానికి 6. ఎఫ్2ఎఫ్ఎస్ అవసరం తీరింది కాబట్టి, మరమ్మతు పరికరాలు నాకు బాగా అలవాటైన ఈఎక్స్‌టీ4కు తిరిగి వచ్చాను. దశ 3లోని మార్పుల్లో చిట్టా తప్ప అన్నీ అలాగే ఉంచాను. పత్రాల విభాగం సింక్‌లోనే ఉంది.

71వ రోజు: ఒకే పేరు, రెండు డ్రైవ్‌లు

పాత 64 జీబీని నకలుగా వాడాలనుకున్నాను. ప్రధాన డ్రైవ్ పోతే నకలు పెట్టి వెంటనే పని సాగించాలి. కొత్త డ్రైవ్‌లోని 40 జీబీ రూట్ విభాగాన్ని, పత్రాల విభాగాన్ని డీడీతో ఉన్నవి ఉన్నట్టు 64 మీదకు ఎత్తాను. రెండూ పెట్టి ఉంచి ఇంటికి వెళ్లాను.

మర్నాడు సాయంత్రం నకలును తీసి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాతి ఉదయం అక్క ఫోను: "తమ్ముడూ, నిన్న రాసిన తొమ్మిది మందీ లేరు." నాకు చెమట పట్టింది. డీడీ అన్నీ కాపీ చేస్తుంది, విభాగాల గుర్తింపు సంఖ్య యూయూఐడీతో సహా. ఎఫ్ఎస్‌ట్యాబ్ ఆ సంఖ్యతోనే వెతుకుతుంది. ఒకే సంఖ్యతో రెండు కనబడితే ఏది ముందు దొరికితే అది. నిన్న నకలు ముందు దొరికింది. తొమ్మిది మందీ నా జేబులో ఉన్నారు.

దుకాణానికి వెళ్లి ఫైలు తెచ్చి పెట్టాక, ఇలా మార్చాను:

1. నకలులోని విభాగాలకు ట్యూన్2ఎఫ్ఎస్‌తో కొత్త యూయూఐడీలు ఇచ్చాను. నకలు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోనూ, గ్రబ్‌లోనూ కొత్త సంఖ్యలు పెట్టాను.
2. రోజూ కాపీ చేయడం డీడీతో కాదు, ఆర్‌సింక్‌తో. ఎఫ్ఎస్‌ట్యాబ్, బూట్ డైరెక్టరీ మినహాయించాను. కెర్నల్ మారిన ఆదివారం మాత్రం నకలు బూట్‌ను చేత్తో తాజా చేస్తాను.
3. నకలు రోజంతా పెట్టి ఉండదు. దుకాణం మూసేముందు అక్క పెడుతుంది, డెస్క్‌టాప్ మీది బొమ్మ నొక్కుతుంది, పూర్తయిందని చెప్పాక తీసి గల్లాపెట్టెలో వేస్తుంది. సగటున రెండున్నర నిమిషాలు.
4. నెలకొకసారి నకలుతోనే ల్యాప్‌టాప్‌ను లేపి కొలతల ఫైలు తెరిచి చూస్తాను.

ఇప్పటివరకు ఖర్చు: 3,450 రూపాయలు. ఇందులో 400 నకిలీకి, 380 పాడైనదానికి. నేరుగా చివరి డ్రైవ్, పొడిగింపు తీగ, నకలు కోసం 64 జీబీ కొని ఉంటే 2,670తో అయిపోయేది.

103వ రోజు

శ్రావణంలో అన్నిటికంటే రద్దీ రోజు. కొత్త కొలతలు 41, పాతవి తీసి చూసినవి వందకు పైగా. మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలకు కరెంటు పోయింది. నేను అక్కడే ఉన్నాను. అక్క చేతిలో టేపు, ఎదురుగా ఒక పెద్దావిడ, తెర నల్లగా. భుజం కొలత అప్పుడే టైపు చేసి సేవ్ నొక్కింది. పదకొండు నిమిషాల తర్వాత కరెంటు వచ్చింది. జర్నల్ తిరగవేసుకుని 33 సెకన్లలో లేచింది. ఫైలు తెరిస్తే ఆ వరుసలో భుజం 14 ఉంది. "చేతి పొడవు చెప్పండి పిన్నీ" అంటూ అక్క టేపు సాగదీసింది.

118వ రోజు లెక్క

ఈ డ్రైవ్ మీద రాసింది: 63 జీబీ, ఇన్‌స్టలేషన్‌తో కలిపి. ఇన్‌స్టలేషన్ పోను రోజుకు సగటున 1.1 జీబీ
స్మార్ట్ చూపిన అరుగుదల: 1 శాతం
నమోదైన అత్యధిక వేడి: 55 డిగ్రీలు
యూఎస్‌బీ రీసెట్లు: సున్నా
నకలుతో లేపిన పరీక్షలు: రెండు, రెండూ నెగ్గాయి

మిగిలిన పని బ్యాటరీ. 1,600 రూపాయలు చెప్పారు, ఆర్డరు ఇచ్చాను. అది వచ్చాక కరెంటు పోయినప్పుడు రెండు నిమిషాల్లో తనంతట తానే పద్ధతిగా ఆగిపోయేలా అమర్చాలి. పత్రాల విభాగం సింక్ మాత్రం బ్యాటరీ వచ్చినా తీయను.